నేనన్ననా అనే మాస్టరు

పోయిన ఆదివారం మిల్లులో నాతోపాటు పనిచేసిన ఇద్దరు జాబర్లు మా ఇంటికి వచ్చారు. జాబరంటే నేతఖాతాలో పాతిక ముప్పై సాంచెలకు పెద్ద, సాంచె అంటే కరెంటుతో ఆడే మగ్గం. మా మాస్టరుగారు, అంటే ఆ నేత విభాగం మొత్తానికి అధికారి, పోయారట. హనుమకొండలో సంతాపసభ పెడుతున్నారట.

"నీకు రాసుడు తెల్సుగదనే. నాలుగు ముక్కలు రాసియ్యి. మంచియి" అన్నాడు పెద్దాయన. "మంచియి" అనే మాటను కొంచెం నొక్కి అన్నాడు. పెళ్లికి పిలిచి, గొడవ పెట్టుకోకు అని చెప్పినట్టుంది ఆ నొక్కుడు.

ఒంట్లో బాగాలేదని చెప్పి, చాయ్ తాగించి పంపించాను. ఒళ్లు నిక్షేపంగా ఉంది. రాయాలనీ ఉంది. ఆ సభలో చదవడానికి మాత్రం కాదు.

పోయినవాడి మీద ఇంత కసి ఏమిటని మా ఆవిడ అడిగింది. కసి కాదు, ఏవగింపు. కసి ఉండాలంటే ఎదుటి మనిషి ఏదో ఒకటి చేసి ఉండాలి. మా మాస్టరుగారు తన చేత్తో ఎవరినీ ఏమీ చెయ్యలేదు. ఆయన గొప్పతనమంతా అందులోనే ఉంది.

నేను నేతఖాతాలో గుమాస్తాగా చేరేనాటికి ఆయనకు నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, తెల్ల బుష్‌కోటు. నూలుదుమ్ములో అంత తెల్లగా ఎలా ఉంటాడబ్బా అని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ని. తరువాత తెలిసింది, ఆయన దేన్నీ ముట్టుకోడు. తలుపు తీయాలంటే రుమాలు, కుర్చీ జరపాలంటే రుమాలు. మాట్లాడేటప్పుడు కూడా ఆ రుమాలు మూతికి అడ్డం. దుమ్ము పడదనేవాడు. దుమ్ము కోసం కాదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

అది చెప్పాలంటే ముందు ఆ ఖాతా సంగతి చెప్పాలి. వందల సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్నవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ చెవులతో పనిలేదు. అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఈ చివర ఒకడు నోరు కదిలిస్తే ఆ చివర ఇంకొకడు నవ్వుతాడు. భార్య కడుపుతో ఉందన్న సంగతి మొదలుకొని అద్దె ఇంటివాడి ఆగడం దాకా అన్నీ గొంతు లేకుండానే ఖాతా అంతా తిరిగేవి. డోర్నకల్ నుంచి బదిలీపై వచ్చిన ఒక రైల్వే ఆయన మా మిల్లు చూడ్డానికి వచ్చి, "వీళ్లంతా మూగోళ్లా?" అని అడిగాడు కూడా.

ఖాతా మధ్యలో మాస్టరుగారి గది. నాలుగు పక్కలా అద్దాలు. లోపల కూర్చుంటే సాంచెలన్నీ కనబడాలని ఏనాడో ఎవరో కట్టించారు. లోపలివాళ్లు బయటికి కనబడతారన్న సంగతి ఆ కట్టించినవాళ్లు ఆలోచించారో లేదో గాని, మా మాస్టరుగారు మాత్రం బాగా ఆలోచించారు. ఆ గదిలో జాబర్ల నోళ్లు బయటికి కనబడేవి. ఆయన నోరు రుమాలు వెనక ఉండేది.

రోజూ పొద్దున తొమ్మిదింటికి జాబర్లను గదిలోకి పిలిచేవాడు. ఆయన ఏ ఆజ్ఞా ఇవ్వడు. అడుగుతాడు.

"నాకేం ఎరుక? నేను కుర్చీల కూసునేటోన్ని. సాంచెల కాడ ఉండేది మీరు. మీరే చెప్పుండ్రి."

చెప్పి కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెడతాడు. ఇక అసలు సంభాషణ ఆ అద్దాలతోనే. తుడవడం ఆపి పెట్టుకున్నాడంటే తనకు కావలసిన మాట వచ్చిందని. ఇంకా తుడుస్తున్నాడంటే రాలేదని. జాబర్లు పాపం ఆయన వేళ్లవైపే చూస్తూ ఒక్కో మాటా వేసేవాళ్లు. చీకట్లో చిల్లర వెతుక్కునే మనుషుల్లాగా తడుముకునేవాళ్లు.

ఒక్కొక్క నేతవాడు రెండు సాంచెలు కాక నాలుగు ఆడించాలని పైనుంచి కాగితం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మాస్టరుగారు కాగితం చదివి వినిపించి, "నాకైతే మనసొప్పుతలేదు. మీరేమంటరు?" అన్నాడు.

ఒక జాబరు కొత్తవాడు. మనసొప్పడం లేదన్న మాటను నిజమనుకున్నాడు. "కష్టం సార్. పోగు తెగితె ఎటు ఉర్కాలె? మనిషి ఆగమైతడు" అన్నాడు.

మాస్టరుగారు తలూపాడు. అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. "మంచిగ చెప్పినవ్. ఇంకెవరన్న?"

ఇంకొకరు నసిగారు. తుడవడం ఆగలేదు. మూడోవాడు, నాలుగోవాడు. చిట్టచివరికి ఆ కొత్త జాబరే గొంతు సవరించుకొని, "చేస్తరు సార్. అలవాటైతె చేస్తరు" అన్నాడు. అద్దాలు ముక్కు మీదికి వచ్చాయి.

మధ్యాహ్నం నేతవాళ్లు పదిమంది గది ముందుకు వచ్చి నిలబడ్డారు. మాస్టరుగారు బయటికి వచ్చి, రుమాలు తీసి, అందరికీ కనబడేట్టు పెదవులు కదిలించి చెప్పాడు. "నేనన్ననా? నేను వద్దనే అన్న. మీ జాబర్లే ఒప్పుకున్నరు. అద్దంల నుంచి మీరు సూడలేదా?"

చూశారు. "చేస్తరు సార్" అన్నది ఎవరి పెదవులో అందరూ చూశారు. ఆ కొత్త జాబరు సైకిలు టైర్లు నెల రోజుల పాటు గాలి నిలవకుండా పోయాయి. మాస్టరుగారికి మాత్రం నేతవాళ్లు దండం పెట్టారు. మన గురించి కొట్లాడిండు, జాబర్లు నాశనం చేసిండ్రు అని. ఇలాంటి మనిషిని గౌరవించమంటే నాకు వాంతి వస్తుంది.

ఆ మరుసటి ఏడాది ఆయన్ని మిల్లువాళ్లు పట్నంలో ఏదో క్లాసుకు పంపారు. పది రోజులు. మనుషులు పనిచేసేచోట ఎందుకలా ప్రవర్తిస్తారో నేర్పించే క్లాసట. తిరిగి వచ్చిన రోజు జాబర్లనూ నన్నూ కూర్చోబెట్టి, నల్లబల్ల తెప్పించి, దాని మీద మోటివేషన్, మోరేల్, టీమ్ స్పిరిట్, కమ్యూనికేషన్ అని వరసగా రాశాడు. సుద్దముక్కను కూడా రుమాలుతోనే పట్టుకున్నాడు.

"మనిషికి అన్నిటికన్న పెద్ద ఆకలి ఏంది? ఎవరన్న చెప్పుండ్రి."

"అన్నం సార్" అన్నాడు ఒకడు.

"కాదు. తన మాట ఒకలు వినాలె అన్న ఆకలి. కమ్యూనికేషన్ అనేది పైనుంచి కిందికే కాదు, కిందినుంచి మీదికి కూడ రావాలె. మనిషి మనసుల ఏమున్నదో మనకు ఎరుకైతె పని దానంతటదే అయితది."

ఆయన పట్నంలో నేర్చుకున్నది తప్పు కాదు. అక్కడివాళ్లు మంచిమాటే చెప్పి ఉంటారు. కానీ కత్తి పట్టడం వైద్యుడికి నేర్పినా కసాయికి నేర్పినా పాఠం ఒకటే కదా. మనసులో ఏముందో తెలుసుకోవాలన్నంతవరకే ఈయన తలకెక్కింది. ఎందుకు తెలుసుకోవాలన్నది ముందునుంచీ ఆయన దగ్గరే ఉంది.

వారంలోగా ఖాతా గోడకు ఒక టేకుపెట్టె బిగించారు. పైన సన్నటి సందు, కింద తాళం. "మీ సలహాలు. పేరు రాయనక్కరలేదు" అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించారు. తాళంచెవి మాస్టరుగారి బుష్‌కోటు జేబులో.

మొదటివారం అందులోంచి ఖాళీ బీడీకట్టలు, నూలు చెత్త, నీళ్లకుండ మార్చమని ఒక చీటీ, మాస్టరుగారు దేవుడని ఒక చీటీ వచ్చాయి. దేవుడన్నవాడు పేరు రాయనక్కరలేకపోయినా పేరూ సాంచె నంబరూ రాశాడు. ఆయన మురిసిపోయి దాన్ని అద్దానికి అతికించాడు.

ఇక సాంబయ్య సంగతి.

సాంబయ్యది నెక్కొండ దగ్గర పల్లె. చేనేత ఇంటివాడు. ఇంట్లో మగ్గం సాగక మిల్లుకు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, ముగ్గురు పిల్లలు. మాస్టరుగారి అద్దాల గదికి సరిగ్గా ఎదురుగా ఆయన నాలుగు సాంచెలు. మూడు గంటల సైరన్ అయ్యాక మిల్లు సైకిల్‌స్టాండులో నేను కొందరికి అక్షరాలు నేర్పేవాణ్ని. ఎవరూ చెప్పలేదు, నాకే సరదా. పలకల మీద నేనొక వరస రాసిస్తే వాళ్లు కింద దిద్దేవాళ్లు. అందరిలోకీ సాంబయ్య పట్టుదల మనిషి. పోగుల చెయ్యి కదా, నా గీత ఎక్కడ వంగితే ఆయన గీత అక్కడే వంగేది. ఆరు నెలలకు నా అక్షరాన్ని అచ్చంగా దింపేశాడు. నేను చూసి పొంగిపోయాను. గురువుకు ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. ఎంత తెలివితక్కువవాణ్నో చూడండి. ఒక మనిషికి రాయడం నేర్పానే గాని, తన రాత తనకు నేర్పలేదు.

సాంచెలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒక్కోసారి దారి తప్పి బయటికి ఎగురుతుంది. దాని మొనకు ఇనుపతొడుగు ఉంటుంది. తగిలితే కన్నైనా పోవచ్చు. అందుకని సాంచె ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉండాలి, గార్డు అంటారు. మా మిల్లులో గార్డులు ఉన్నాయి. గోదాములో గోనెసంచుల కింద ఉన్నాయి. అవి పెడితే తెగిన పోగు అతకడం ఆలస్యమవుతుందని జాబర్లచేత ఎప్పుడో అనిపించి తీయించారు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన పూట మాత్రం బయటికి వచ్చేవి. గంటలో తుడిచి, నూనె పెట్టి, బిగించేవాళ్లు. ఇన్‌స్పెక్టరు చూసి, రాసుకొని, ఖిలాలో తోరణాలు చూడ్డానికి వెళ్లేవాడు. సాయంత్రానికి మళ్లీ గోనెసంచుల కిందికి.

ఒకరోజు సాంబయ్య పక్క సాంచెవాడికి నాడె ఎగిరి కనుబొమ్మ మీద తగిలింది. వేలెడంత కిందికి తగిలితే కన్ను పోయేది. నెత్తురు గుడ్డ మీద పడింది. వాణ్ని దవాఖానకు పంపి, ఆ గజం గుడ్డను కోసి పారేశారు. ఆ వారం పెట్టెలోంచి ఈ చీటీ వచ్చింది.

"గార్డులు ఇన్‌స్పెక్టర్ కోసం కాదు. మా కండ్ల కోసం. రోజు పెట్టించాలె."

మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆయన ఎదుట నేను ఎన్నడూ కూర్చోలేదు. యాలకులు పెట్టాడు. బల్ల మీద చీటీ ఉంది. దాని పక్కన నేను రాసే హాజరు రిజిస్టరు తెరిచి ఉంది. ఇంకొంచెం పక్కన నా ఉద్యోగం పర్మినెంట్ చేయాలన్న కాగితం, సంతకం లేకుండా. మూడూ వరసగా పెట్టాడు, అంతే.

"చేతిరాత మస్తుగున్నది" అన్నాడు రుమాలు వెనకనుంచి.

చూశాను. అది నా రాతే. నేను రాయలేదు, కానీ నా రాతే.

"నేను రాయలేదు సార్."

"నువ్వు రాసినవని నేనన్ననా?" కళ్లద్దాలు తీశాడు. "నేనేం అడుగుతలేను. నీకు కొత్తగ పెండ్లయింది. ముందు బాగుపడే పిల్లగానివి. నువ్వెందుకు రాస్తవు గిట్లాంటియి? ఫికర్ చెయ్యకు."

తుడుస్తున్నాడు. నేను ఏదో చెప్పాను. అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయి సార్ అన్నాననుకుంటా. తుడుస్తున్నాడు. గార్డుల సంగతి నిజమే కదా సార్ అందామనుకున్నాను, అనలేదు. నాలుగు సాంచెల నాడు ఆ కొత్త జాబరును చూసి లోపల నవ్వుకున్నవాణ్ని నేను. ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది, నిశ్శబ్దంగా అద్దాలు తుడుస్తున్న మనిషి ఎదుట ఎంతసేపు కూర్చోగలమో. మూడు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను.

"నా రాత కాదు సార్. సాంబయ్యది. నా దగ్గర నేర్చుకున్నాడు."

అద్దాలు ముక్కు మీదికి వచ్చాయి.

"నేను అడుగలే. నువ్వే చెప్పినవ్" అన్నాడు. కలం తీసి నా కాగితం మీద సంతకం చేశాడు. నేను ఆయన కింద పనిచేసిన పదేళ్లలో ఆయన ఎదుటివాడి మాటకోసం ఆగకుండా చేసిన పని అదొక్కటే చూశాను.

లేచి తలెత్తాను. మాస్టరుగారి వెనక అద్దం. అద్దం అవతల సాంబయ్య. సాంచెలు నాలుగూ ఆడుతున్నాయి, ఆయన మాత్రం కదలకుండా నావైపే చూస్తున్నాడు. నాకు అప్పటిదాకా అద్దం సంగతే గుర్తు లేదు. ఏడాదిన్నర ఆ ఖాతాలో తిరిగి, ఎవరి పెదవులు ఏమన్నాయో ఇంటికి పోయి కథలుగా చెప్పుకున్నవాణ్ని, నాకూ పెదవులున్నాయని మరిచిపోయాను.

మరునాడు తొమ్మిదింటికి జాబర్లను పిలిచాడు. నన్నూ నిలబెట్టాడు. "చీటీ ఎవరు రాసిండ్రో నేను తెల్సుకోవాలనుకోలే. పేరు రాయొద్దని నేనే చెప్పిన గద. మన గుమాస్తా వచ్చి చెప్పిండు. మంచోడే సాంబయ్య. కని ఇప్పుడేం చేద్దాం? మీరే చెప్పుండ్రి" అన్నాడు, కళ్లద్దాలు తీస్తూ.

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. అందరూ నేర్చుకున్నారు. "బద్లీల ఏద్దాం సార్" అన్నాడు అదే జాబరు, సైకిలు టైర్లు పోయినవాడు. ఇప్పుడు సంతాపసభకు మంచిమాటలు రాసియ్యమని వచ్చిన పెద్దాయన ఆయనే.

బద్లీ అంటే పనికి ఖాయం లేనివాళ్ల జాబితా. పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర నిలబడాలి. ఎవడైనా రాకపోతే వాడి సాంచె ఆ ఒక్కరోజుకు దొరుకుతుంది. అందరూ వస్తే ఇంటికి పోవాలి. పదకొండేళ్లు పర్మినెంటుగా ఉన్న మనిషిని, గుడ్డలో తప్పులు పడుతున్నాయన్న కారణం రాసి, అక్కడికి పంపారు. ఆ కారణం రాసింది నా చెయ్యే. నన్ను రాయమని కూడా ఆయన అనలేదు. "ఏం రాస్తె బాగుంటది?" అని అడిగాడు.

ఆయన మీద రోత ఉందన్నాను. ఉంది. కానీ ఆ రోతలో నా వాటా తీసేసి రాస్తే నేనూ రుమాలు అడ్డం పెట్టుకున్నవాణ్నే అవుతాను. ఆయన గొప్ప క్రూరుడేమీ కాదు. క్రూరుడికి కొంత ధైర్యమైనా ఉండాలి. మనిషి మనిషిలోనూ కాస్త పిరికితనం ఉంటుందని తెలుసుకొని, దానికి కుర్చీ వేసి, యాలకులు పెట్టి కూర్చోబెట్టేవాడు. అంతే ఆయన విద్య. గార్డులు గోనెసంచుల కిందే ఉన్నాయి. సలహాల పెట్టె పెట్టినందుకు పైనుంచి ఆయనకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాన్ని కూడా అద్దానికి అతికించాడు.

బద్లీ రిజిస్టరు చూసేది నేనే. మొదటిరోజు సాంబయ్య వరసలో పదిహేనో పదహారో మనిషి. ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకొని వచ్చాను. దగ్గరికి వచ్చేసరికి అవన్నీ పోయాయి. ఆయన పేరు ఎదురుగా గడి చూపించి, కలం ముందుకు పెట్టాను. అంతకుముందు నెల దాకా తన పేరు రాసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టి, నాలుక కొంచెం బయటపెట్టి రాసేవాడు.

కలం ముట్టుకోలేదు.

"వేలిముద్ర పెడ్త పంతులూ" అన్నాడు.

"ఎందుకు సాంబయ్యా? నీకు సంతకం వచ్చుగదా."

నా మొహం వైపే చూశాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది. గేటు దగ్గర చప్పుడేమీ లేదు, అయినా ఆయన ఖాతాలో మాట్లాడినట్టే గొంతు లేకుండా, పెదవులతో మెల్లగా చెప్పాడు. ఒక్క మాట కూడా తప్పిపోకుండా నాకు అర్థమయింది.

"నేను రాస్తె నీ రాత లెక్కనే ఉంటది. మల్ల నీకు కష్టమైతది."

వెనక వరసలో జనం తోసుకుంటున్నారు. నేను సిరా ప్యాడ్ మూత తీసి ఆయన ముందుకు జరిపాను.